పూత చూసి ఆగితే జనుము ముదురుతుంది

ప్రశ్న: మా పెరట్లో నాలుగు మడులున్నాయి. ఒక్కోటి 10 చదరపు మీటర్లు ఉంటుంది. ఆరేళ్లుగా వంగ, టమాటా, బెండ మార్చి మార్చి వేస్తున్నాను. మొదటి రెండేళ్లు కాపు విరగకాసింది. ఇప్పుడు మట్టి ఎండితే పెంకులా బిగుసుకుపోతోంది, నీళ్లు పెడితే ఇంకకుండా పైనే నిలుస్తున్నాయి. పశువుల ఎరువు వేస్తే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మామూలే. పచ్చిరొట్ట (పచ్చిగా ఉండగానే కోసి మట్టికి ఎరువుగా వేసే పంట) వేస్తే మట్టి బాగవుతుందని చదివి పోయిన ఏడాది ఒక మడిలో జనుము చల్లాను. ఏపుగా పెరిగి నా ఎత్తు దాటింది. పసుపుపచ్చని పూలు చూసి కోయబుద్ధి కాక మూడు నెలలు ఉంచేశాను. తర్వాత నరికి మట్టిలో కలిపి, వారం తిరక్కుండా వంగ నారు పెట్టాను. మొక్కలు గిడసబారాయి, కింది ఆకులు పాలిపోయాయి. రెండు నెలలకు గానీ తేరుకోలేదు. మా అత్తయ్య "కలుపును పెంచి పోషించి పంట పోగొట్టుకున్నావు, పైగా ఆ పొదలో పాములు చేరతాయి" అంటున్నారు. మళ్లీ వేయమంటారా, మానేయమంటారా? వేస్తే జనుమేనా, ఇంకేదైనానా?

జవాబు: మళ్లీ వేయండమ్మా. ఈసారి ఒక మడిలో కాదు, రెండు మడుల్లో వేయండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎక్కడ పొరపాటు జరిగిందో మీ మాటల్లోనే ఉంది. "రెండు నెలలకు గానీ తేరుకోలేదు" అన్నారు చూడండి, నేను వెతుకుతున్న మాట అదే. తెగులు పట్టిన వంగ ఎవరూ ఏమీ చేయకుండా దానంతట అది పచ్చబడటం అరుదు. మీ మొక్కలు పచ్చబడ్డాయంటే, మధ్యలో అందకుండా పోయిన తిండి ఏదో మళ్లీ అందిందన్నమాట. ఆ తిండి నత్రజని. అది ఎక్కడికి పోయిందో, ఎలా తిరిగొచ్చిందో ముందు చెబుతాను. అది తెలిస్తే మిగతాదంతా మీకే తోస్తుంది.

జనుమును నార కోసం కూడా పెంచుతారు. తాళ్లు పేనే నార దాని కాండంలోంచే వస్తుంది. 40 రోజుల వయసులో గోటితో గిల్లితే తెగే కాండం మూడు నెలలకు కొడవలికి కూడా ఒక పట్టాన లొంగదు. మట్టిలో పడ్డ ఆకునైనా, కొమ్మనైనా తిని కుళ్లబెట్టేవి సూక్ష్మజీవులు. వాటి ఒంటికి కార్బన్‌తో పాటు నత్రజని కూడా కావాలి. తినేదాంట్లో 24 పాళ్ల కార్బన్‌కు 1 పాలు నత్రజని ఉంటే వాటికి సరిగ్గా సరిపోతుంది. లేత పచ్చిరొట్టలో ఈ లెక్క 15, 20 మధ్య ఉంటుంది. అంటే వాటి అవసరం తీరగా నత్రజని ఇంకా మిగులుతుంది. ఆ మిగిలింది మట్టిలోకి, అక్కణ్నుంచి మీ మొక్కకు చేరుతుంది. ముదిరిన కాండంలో కార్బన్ 50 పాళ్లు కూడా దాటిపోతుంది. అప్పుడు సూక్ష్మజీవులకు తిండి దండిగా దొరుకుతుంది గానీ నత్రజని చాలదు. చాలనిదాన్ని చుట్టూ ఉన్న మట్టిలోంచి లాక్కుంటాయి. సరిగ్గా ఆ సమయంలోనే మీరు నారు పెట్టారు. కోట్లాది సూక్ష్మజీవులతో పోటీపడి గెలవడం ఆ లేత వేళ్ల వల్ల కాలేదు.

నత్రజని చాలని మొక్క పాత ఆకుల్లోంచి దాన్ని లాగి కొత్త చిగురుకు పంపుతుంది. మీరు చూసిన పాలిపోవడం కింది ఆకులతో మొదలైంది అందుకే. కాండాలు కుళ్లడం ముగిశాక సూక్ష్మజీవుల సంఖ్య తగ్గింది, చచ్చిన వాటి ఒంట్లోని నత్రజని మట్టికి తిరిగొచ్చింది, వంగ కోలుకుంది. మీ మట్టిలోంచి పోయిందేమీ లేదు. రెండు నెలలు అప్పుగా వెళ్లి తిరిగొచ్చింది.

కాబట్టి ఈసారి ముందుగా మారాల్సింది కోసే రోజు. జనుములో మొదటి మొగ్గలు కనబడగానే కొడవలి పట్టుకోండి. వేడి కాలంలో చల్లితే 40 నుంచి 50 రోజుల్లో ఆ దశ వస్తుంది, కాస్త చల్లగా ఉంటే ఇంకొన్ని రోజులు పడుతుంది. రోజులు లెక్కపెట్టడం కంటే కాండాన్ని చూడటం మేలు. నడిమి భాగాన్ని వంచండి. లేత కాండం బీన్స్ కాయలా పుటుక్కున విరిగి చేతికి తడి తగులుతుంది. ముదిరిన కాండం పూర్తిగా విరగదు, నార సాగి వేలాడుతుంది. పూత దాటి కాయ పట్టిందంటే ఆకుల్లో ఉన్న నత్రజని గింజల వైపు ప్రయాణం కట్టినట్టే. పచ్చిరొట్ట పెంచడంలో కష్టమంతా ఇక్కడే ఉంది. నిండుగా, కళకళలాడుతూ, పూతకొచ్చిన చేనును కోయడానికి చెయ్యి రాదు. మీకే కాదు, నాకూ రాలేదు. మొదటిసారి జీలుగ అనే ఇంకో పచ్చిరొట్ట వేసినప్పుడు "ఇంకో వారం పెరిగితే ఇంకాస్త రొట్ట వస్తుంది కదా" అనుకుంటూ మూడు వారాలు ఆగాను. రొట్ట పెరగలేదు, కట్టె పెరిగింది.

ఎప్పుడైనా ఆలస్యమైపోతే దాన్ని పారేయనక్కర్లేదు. ఆకులు, లేత కొసలు దూసి మట్టిలో కలపండి. కాండాలను ముక్కలు చేసి మడి పైన పరవండి, లోపల కలపవద్దు. పైన పరిచిన కట్టె మట్టిని అంటుకున్న చోట మాత్రమే నత్రజనిని పట్టుకుంటుంది, వేళ్లుండే లోతు దాకా దాని ప్రభావం పోదు.

ఇక మీ అసలు బాధ, మట్టి బిగుసుకుపోవడం. దీనికోసం ఇవాళే మొదలుపెట్టదగ్గ చిన్న పని ఒకటి ఉంది. జనుము వేసిన మడిలోంచి ఒక మట్టిగడ్డ, వేయని మడిలోంచి ఒకటి, ఎవరూ ఎప్పుడూ తవ్వని గడ్డి కింద నుంచి ఇంకొకటి తీయండి. నిమ్మకాయంత ఉంటే చాలు. మూడింటినీ నీడలో రెండు మూడు రోజులు బాగా ఆరనివ్వండి. మూడు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో గడ్డను మెల్లగా జారవిడిచి, కదపకుండా చూస్తూ కూర్చోండి.

తవ్వి తవ్వి అలిసిపోయిన మట్టి అయితే బుడగలు వదులుతుంది. అంచులు జారతాయి. కొద్ది నిమిషాల్లోనే గడ్డంతా కుప్పగా కూలి నీళ్లు బురదవుతాయి. గడ్డి కింది గడ్డ మాత్రం గంటల తరబడి అలాగే నిలబడి ఉంటుంది, నీళ్లు తేటగానే ఉంటాయి. ఎండిన గడ్డలోకి నీళ్లు ఒక్కసారిగా దూరితే లోపలున్న గాలి బయటికి తోసుకొస్తుంది. రేణువులను పట్టి ఉంచే జిగురు ఉంటే గడ్డ ఆ తోపుడికి ఓర్చుకుంటుంది, లేకపోతే విడిపోతుంది. వేళ్లు విడిచే రసాలు, వాటిని తిని బాక్టీరియా వదిలే బంక, మట్టిలో అల్లుకునే శిలీంధ్రాల సన్నని పోగులు, ఇవే ఆ జిగురు. ఇది ఒకసారి వేస్తే ఉండిపోయే సిమెంటు కాదు. ఇవాళ తయారైన జిగురును రేపు మరో సూక్ష్మజీవి తినేస్తుంది. అందుకే మట్టిలో బతికున్న వేళ్లు ఎప్పుడూ ఉండాలి. పంట తీసేసి మడిని రెండు నెలలు ఖాళీగా వదిలితే ఆ జిగురు చేసేవాళ్లే లేకుండా పోతారు.

ఖాళీ మడి మీద వాన పడితే ఇంకో నష్టం. పెద్ద వాన చినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో వచ్చి తగులుతుంది. జిగురు లేని గడ్డలు ఆ దెబ్బకు చితికి, సన్నని ఒండు సందులన్నిటినీ పూడ్చేస్తుంది. ఎండాక అదే మీరు చెప్పిన పెంకు. మీ నీళ్లు ఇంకకపోవడానికి కారణం చాలావరకు పై ఒకటి రెండు సెంటీమీటర్లలోనే ఉంటుంది. ఆకుల గొడుగు ఉంటే చినుకు ఆకు మీద పగిలి, జారి, మెల్లగా దిగుతుంది. కవర్ క్రాప్ అనీ, కప్పు పంట అనీ అనేది అందుకే.

ఇక్కడ ఒక లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే పచ్చిరొట్ట గురించి ఒక్క విడతలో మట్టి నల్లబడుతుందన్నట్టు చెప్పేవాళ్లున్నారు. మీ 10 చదరపు మీటర్ల మడిలో జనుము బాగా వస్తే 20 కిలోల దాకా రొట్ట దిగుతుంది. అందులో ఐదింట నాలుగు వంతులు నీళ్లే. మిగిలిన 4 కిలోల పొడి పదార్థంలో చాలా భాగాన్ని ఏడాది లోపే సూక్ష్మజీవులు తిని గాలిలోకి వదిలేస్తాయి. ఒక కిలో నిలిస్తే గొప్ప. అదే మడిలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 2 టన్నులు. 2 టన్నులకు ఒక కిలో! ఈ లెక్క చూసి నిరుత్సాహపడవద్దు. మట్టి గుల్లబారడానికి కారణం మనం కలిపిన రొట్ట బరువొక్కటే కాదు. ఆ 45 రోజులూ వేళ్లు లోపల చేసిన పని అంతకంటే పెద్దది. అవి తొలిచిన దారులు, విడిచిన రసాలు, కోశాక అక్కడే కుళ్లి మిగిల్చిన సన్నని గొట్టాలు, ఇవన్నీ నీటికి, గాలికి, తర్వాతి పంట వేళ్లకు తోవలవుతాయి. వేళ్ల నుంచి వచ్చిన కార్బన్ ఆకుల నుంచి వచ్చిన దానికంటే ఎక్కువ కాలం మట్టిలో నిలుస్తుంది కూడా. పశువుల ఎరువు మీకు కొన్నాళ్లే పనిచేయడానికి కారణం ఇదే. ఎరువు తిండి పెడుతుంది గానీ, తిన్నవాళ్లు నిలబడటానికి వేళ్ల ఊతం అక్కడ ఉండటం లేదు.

అందుకే జనుము కోసేటప్పుడు వేళ్లతో పీకవద్దు. నేలకు ఆనించి కోయండి, వేళ్లు లోపలే ఉండనివ్వండి.

వేళ్ల మాట వచ్చింది కాబట్టి, చల్లిన నాలుగైదు వారాలకు ఒక్క మొక్కను మాత్రం పార పెట్టి మట్టితో సహా పైకి తీయండి. పీకితే చూడాల్సినవి తెగి లోపలే ఉండిపోతాయి. బకెట్ నీళ్లలో ముంచి మట్టి వదిలించండి. వేళ్ల పక్కన చిన్న చిన్న బుడిపెలు కనబడతాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగో, ఎరుపో ఉంటే మీ జనుము గాలిలోని నత్రజనిని పట్టి మట్టిలోకి తెస్తోంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి బంధువైన పదార్థం ఆ బుడిపెలో ఉంటుంది, ఎరుపు దానిదే. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే పని జరగడం లేదు. గాలిలో 78 శాతం నత్రజనే అయినా ఏ మొక్కా నేరుగా దాన్ని తీసుకోలేదు. ఈ బుడిపెల్లో కాపురం పెట్టిన రైజోబియం బాక్టీరియా దాన్ని మార్చి ఇస్తుంది, బదులుగా మొక్క చక్కెర ఇస్తుంది. పప్పుజాతి మొక్కలు ఇలా బుడిపెల సాయంతో గాలి నుంచే నత్రజని తెచ్చుకుంటాయని 1886లో జర్మనీ శాస్త్రవేత్తలు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ చూపించారు. రెండేళ్ల తర్వాత నెదర్లాండ్స్‌లో బైయరింక్ ఆ బాక్టీరియాను విడదీసి పెంచాడు. రైతులకు ఫలితం అంతకు ఎన్నో తరాల ముందే తెలుసు, పని చేస్తున్నది ఎవరో అప్పుడు తెలిసింది.

బుడిపెలు లేవనుకోండి. ఆ మట్టిలో తగిన బాక్టీరియా లేకపోయి ఉండొచ్చు. వచ్చేసారి విత్తనానికి రైజోబియం కల్చర్, అంటే ఆ బాక్టీరియాను పెంచి అమ్మే మందు, పట్టించండి. కొద్దిగా బెల్లం నీళ్లతో తడిపి, కల్చర్ కలిపి, నీడలో ఆరబెట్టి అదే రోజు చల్లాలి. ఏ పప్పుజాతికి ఆ కల్చరే తీసుకోవాలి, ఒకటి ఇంకోదానికి పనిచేయకపోవచ్చు. ఇంకో కారణం కూడా ఉంటుంది: మట్టిలో నత్రజని ముందే ఎక్కువగా ఉంటే మొక్క ఆ శ్రమ పెట్టుకోదు. కాబట్టి పచ్చిరొట్టకు యూరియా వేయవద్దు, పశువుల ఎరువు కూడా ఆ విడతకు ఆపేయండి.

ఈ బుడిపెలను మరొకదానితో పొరబడే ప్రమాదం ఉంది, మీ తోటలో అది ముఖ్యం. వంగ, టమాటా, బెండ మూడూ వేరుబుడిపె నులిపురుగుకు, అంటే వేళ్లలో చేరే కంటికి కనబడనంత సన్నని పురుగుకు, ఇష్టమైన పంటలు. ఆరేళ్లుగా ఆ మూడే తిరుగుతున్నాయి కాబట్టి, కాపు అయిపోయిన ఒక మొక్కను తీసి వేళ్లు చూడండి. రైజోబియం బుడిపె వేరుకు పక్కన అతికించినట్టు ఉంటుంది, వేలితో తోస్తే ఊడి వస్తుంది. నులిపురుగు బుడిపె అలా కాదు, వేరు తనే వాచి ముడులు ముడులుగా తయారవుతుంది, ఊడదు. వంగ, టమాటా, బెండ వేళ్ల మీద రైజోబియం బుడిపెలు రావు కాబట్టి, అక్కడ వాపులు కనబడితే మొదట నులిపురుగు మీదే అనుమానం పెట్టాలి.

జనుమేనా, ఇంకేదైనానా అని అడిగారు. నులిపురుగు ఉంటే జనుమే. జనుము వేళ్లలో ఆ పురుగు సరిగా వృద్ధి చెందలేదు. అలసంద మంచి కప్పు పంటే గానీ చాలా రకాలు ఈ పురుగుకు ఆశ్రయమిస్తాయి, పురుగున్న మడిలో వేస్తే దాన్ని మేపినట్టవుతుంది. పురుగు లేకపోతే అలసంద ధైర్యంగా వేయొచ్చు, పొట్టిగా పరుచుకుని కలుపును బాగా అణుస్తుంది. నీళ్లు నిలిచే చోట, ఉప్పు తేలిన చోట జీలుగకు సాటి లేదు. దాని గింజ పొట్టు గట్టిది, రాత్రంతా నానబెట్టి చల్లాలి. పిల్లిపెసర, ఉలవ తక్కువ నీటితో సరిపెట్టుకుంటాయి. గట్టి చలి ఉండే ప్రాంతాల్లో ఇవేవీ బతకవు, అక్కడ రై అనే గడ్డిజాతి ధాన్యం, వెచ్, క్లోవర్ అనే పప్పుజాతి మొక్కలు లాంటివి ఆ పని చేస్తాయి. ఆవాలు, ముల్లంగి త్వరగా పెరుగుతాయి గానీ, మిగతా చాలా పంటలకు సాయపడే వేరు శిలీంధ్రంతో వాటికి చెలిమి లేదు. మీ మట్టికి ఇప్పుడు కావలసింది ఆ శిలీంధ్రపు పోగులే కాబట్టి వాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

నా మాటగా అయితే జనుములో కొద్దిగా సజ్జ కలపండి. జనుము తల్లివేరు లోతుకు దిగుతుంది, సజ్జ పీచువేళ్లు పై మట్టిని గుప్పిట్లో పట్టుకున్నట్టు అల్లుకుంటాయి. మీ పెంకు సమస్యకు ఆ అల్లిక కావాలి. జొన్న కూడా ఆ పని చేస్తుంది గానీ దాని వేళ్లు విడిచే పదార్థం చిన్న విత్తనాల మొలకను అడ్డుకుంటుంది, పెరటి మడికి సజ్జే నయం. 10 చదరపు మీటర్లకు జనుము ఒక్కటే అయితే 50 గ్రాములు, అలసంద అయితే 100 గ్రాములు కావాలి. కలిపి చల్లితే జనుము 35, సజ్జ 10 గ్రాములు సరిపోతాయి. సజ్జ ఇంతకు మించితే మళ్లీ కార్బన్ లెక్క తలకిందులవుతుంది. జనుమును పలచగా చల్లవద్దు. చోటు ఎక్కువ దొరికిన మొక్క కొమ్మలేసి లావెక్కుతుంది, ఒత్తుగా ఉన్నవి సన్నగా, లేతగా పైకి లేస్తాయి. మనకు కావలసింది సన్నవే.

మట్టిని లోతుగా తవ్వనక్కర్లేదు. పైపైన గీరి, గింజల్లో పొడి ఇసుక కలిపి, సగం నిలువునా, సగం అడ్డంగా నడుస్తూ చల్లండి. రెండు సెంటీమీటర్ల మట్టి కప్పితే చాలు. మొలిచేదాకా పై తడి ఆరనివ్వకండి. పెంకు కట్టిన చోట మొలక పైకి రాలేక వంకరపోతుంది, మొదటి వారం రోజూ ఒకసారి చూడండి. ఆ తర్వాత మొక్కలు తమ బాగు తామే చూసుకుంటాయి. మడిలో అడుగు మాత్రం పెట్టకండి. గట్టున నిలబడి చేయి అందేంత వెడల్పే మడికి ఉండాలి. మీ మడులు వెడల్పయితే మధ్యలో ఒక పలక వేసుకోండి.

కోసిన రొట్టను జానెడు ముక్కలు చేసి ఒక రోజు వాడనివ్వండి. తర్వాత రెండు దారులు. పై 10 సెంటీమీటర్లలో కలిపితే త్వరగా కుళ్లి నత్రజని త్వరగా అందుతుంది. కలపకుండా పైనే పరిస్తే మెల్లగా కుళ్లుతుంది, నత్రజని కొంత గాలిలోకి పోతుంది, కానీ మట్టి అల్లిక చెదరదు, తేమ నిలుస్తుంది. మీ మట్టికి నేను రెండోదే చెబుతాను. నత్రజని కొంచెం నష్టపోయినా సరే, కట్టుకుంటున్న గూడును పారతో మళ్లీ పగలగొట్టవద్దు. ఆ పరుపును పక్కకు జరిపి గుంట చేసి వంగ, టమాటా నారు పెట్టుకోవచ్చు. బెండ లాంటి గింజలు వేసేటప్పుడు సాలు మేరకు పరుపు తొలగించండి.

ఏ దారి పట్టినా నాటడానికి ముందు రెండు మూడు వారాలు ఆగాలి. పోయినసారి మీ రెండో పొరపాటు ఆగకుండా తొందరపడటమే. పచ్చిరొట్ట తాజాగా కుళ్లేటప్పుడు నారుకుళ్లు తెచ్చే శిలీంధ్రాలు కూడా విందు చేసుకుంటాయి, లేత మొలకలు వాటికి దొరికిపోతాయి. ఆ వారాల్లో మట్టి తడిగా ఉండాలి, ఎండిపోతే కుళ్లడం ఆగిపోతుంది. సిద్ధమైందో లేదో ముక్కు చెబుతుంది. పిడికెడు మట్టి తీసి వాసన చూడండి. పుల్లగా, కుళ్లు వాసనగా ఉంటే ఇంకా ఆగండి. తొలకరి వాసన వస్తూ, కలిపిన ఆకు ఆనవాలు పట్టలేనంతగా మారిపోయి ఉంటే నాటండి.

నాలుగు మడుల్లో రెండింటికి ఇప్పుడు జనుము, సజ్జ వేయండి. మిగతా రెండింట్లో కూరగాయలు సాగనివ్వండి, తర్వాత అటువి ఇటు మార్చండి. ఇంటికి కూరలూ ఆగవు, అత్తయ్యగారి మాటకు జవాబూ దొరుకుతుంది. నులిపురుగు లేదని తేలితే, బెండ కాపు ముగింపుకు నెల ముందే సాళ్ల మధ్య అలసంద గింజలు గుచ్చండి. బెండ తీసేసేసరికి కింద పచ్చదనం సిద్ధంగా ఉంటుంది, ఒక్కరోజు కూడా మట్టి ఎండకు బయటపడదు.

పాముల భయాన్ని తీసిపారేయలేను. మనిషెత్తు పొద, అదీ మూడు నెలలు కదలకుండా ఉంటే ఎలుకలు చేరతాయి, వాటి వెనక పాములు వస్తాయి. ఆవిడ అన్నది నిజమే. 45 రోజులకు కోసేస్తే ఆ పొద ఏర్పడేంత సమయం ఉండదు. గుమ్మానికి, నడిచే దారికి పక్కనున్న మడుల్లో మాత్రం పొట్టిగా ఉండే పెసరో, ఉలవో వేయండి. వాటి వేళ్లకు కూడా నులిపురుగు పట్టవచ్చు కాబట్టి ముందు చెప్పిన పరీక్ష మరవకండి. కోసేటప్పుడు కర్రతో కదిపి చెయ్యి పెట్టండి. కలుపు అన్న మాటకు వస్తే, మడిలో పెరిగే తుంగ, గరిక మొక్కలకు వెలుతురు అందకుండా ఒత్తుగా పెరిగిన జనుము ఎలా అడ్డం పడుతుందో ఆవిడను ఒకసారి మడి దగ్గరికి తీసుకెళ్లి ఆకులు విడదీసి చూపించండి. తుంగను పూర్తిగా చంపదు, కానీ నీడలో అది నీరసపడటం కళ్లారా కనబడుతుంది.

పచ్చిరొట్టతో కాని పనులూ ఉన్నాయి. మట్టిలో భాస్వరం లేకపోతే ఏ కప్పు పంటా దాన్ని పుట్టించలేదు, ఉన్నదాన్ని లోతు నుంచి పైకి తేగలదంతే. ఆరేళ్లు కూరగాయలు తీశారు కాబట్టి ఒకసారి భూసార పరీక్ష చేయించండి. నీళ్లకు కొరత ఉన్నప్పుడు కూడా ఆలోచించి వేయాలి, పచ్చిరొట్ట తాగేది మీ తర్వాతి పంట నీళ్లే. అలాంటప్పుడు మొగ్గ దాకా కూడా ఆగకుండా నెల రోజులకే కోసి పైన పరిచేయండి.

మార్పు వచ్చిందో లేదో కంటితో అంచనా వేయకుండా కొలుచుకోండి. రెండు వైపులా మూత తీసిన డబ్బాను మట్టిలో నాలుగు వేళ్ల లోతు దిగ్గొట్టి, ఒక గ్లాసు నీళ్లు పోసి, ఇంకడానికి ఎంతసేపు పడుతుందో గోడ మీద రాసుకోండి. ఆరు నెలలకోసారి అదే డబ్బాతో, అదే గ్లాసుతో చూడండి. మొదటి విడతలో పెద్ద తేడా లేకపోయినా కంగారు పడవద్దు. నా మడుల్లో మూడో విడత జనుము కోశాకే పార దిగేటప్పుడు చప్పుడు మారింది.

పూల మాట మరిచిపోలేదు. మడి మూలన ఒక అయిదారు మొక్కలను కోయకుండా వదిలేయండి. పసుపు పూల మీదకు నల్లటి పెద్ద తుమ్మెదలు వస్తాయి. వాటి బరువుకు పువ్వు తెరుచుకుంటేనే జనుము కాయ పడుతుంది, కాబట్టి పురుగుమందుల జోలికి పోవద్దు. కాయ పట్టాక గోధుమరంగుకు తిరిగి ఎండేదాకా ఉంచండి. కొమ్మను ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. ఆ చప్పుడు వినబడిన రోజు కోసి, పిల్లలకూ పశువులకూ అందకుండా ఆరబెట్టుకోండి, గింజలు తినడానికి పనికిరావు. ఆరిన గింజలను గాలి చొరబడని సీసాలో పెడితే వచ్చే ఏడాది ఒక మడికి సరిపోయే విత్తనం ఇంట్లోనే ఉంటుంది.